బోరులో ఫ్లోరైడ్, పాపకు విరేచనాలు: ఇంటికి ఆర్వో కొంటే సరిపోతుందా?

అడిగినది క్లుప్తంగా: మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. ఇంటి బోరు నీళ్లు టెస్టు చేయిస్తే ఫ్లోరైడ్ 2.8, టీడీఎస్ 1100 వచ్చింది. కొళాయికి పథకం నీళ్లు నాలుగు రోజులకోసారి వస్తాయి. తాగడానికి ఊళ్లోని ఆర్వో ప్లాంటు నుంచి క్యాన్ తెచ్చుకుంటాం, వంటకు బోరు నీళ్లే. రెండేళ్ల పాపకు నెలకోసారి విరేచనాలు. మరుగుదొడ్డి గుంత బోరుకు పది అడుగుల దూరంలో ఉంది. ఇంటికి ఆర్వో పెట్టించుకోమంటున్నారు, 18 వేలు అవుతుందట. మా మామగారేమో ఇన్నేళ్లూ ఇవే తాగాం, ఏమైంది అంటున్నారు. ఏం చేయాలి?

అమ్మా, నేను గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మీ మండలాల నీళ్లు చాలానే చూశాను. మీరు అడిగింది ఒక ప్రశ్నే గానీ అందులో రెండు వేర్వేరు తంటాలున్నాయి. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగితే గానీ బయటపడదు. విరేచనాలు నిన్న తాగిన నీళ్ల వల్ల ఇవాళ వస్తాయి. మీ పాప విరేచనాలకూ ఫ్లోరైడ్‌కూ సంబంధం లేదు. అమ్మేవాళ్లు రెండింటినీ కలిపి చెబుతారు, ఒక మిషన్‌తో రెండూ పోతాయంటారు. పోవు.

పాప సంగతి ముందు చెబుతాను. విరేచనాలు మొదలైన మొదటి రోజు నుంచే ఓఆర్‌ఎస్ పట్టండి, తిండి ఆపవద్దు. ఏఎన్ఎం లేదా ఆశా కార్యకర్త దగ్గర జింక్ మాత్రలు ఉంటాయి, విరేచనాలు ఆగినా 14 రోజులూ వేయాలి. రక్తం పడినా, కళ్లు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా ఇంటి వైద్యం పెట్టుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెలనెలా వస్తోందంటే ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించడం ఎటూ మంచిదే.

ఇప్పుడు మీ రిపోర్టు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది. వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, 500 వరకు మంచిది, గత్యంతరం లేకపోతే 2000 దాకా తాగవచ్చు. అంటే మీ టీడీఎస్ 1100కు భయపడాల్సిన పని లేదు, రుచికే ఇబ్బంది. ఫ్లోరైడ్ 2.8 మాత్రం తాగడానికీ వంటకూ పనికిరాదు. స్నానానికి, బట్టలకు, అంట్లకు నిక్షేపంగా వాడుకోవచ్చు.

మీ మామగారి మాట కొట్టిపారేయకండి, అందులో సగం నిజముంది. ఆయన చిన్నప్పుడు తాగినవి ఈ నీళ్లు కావు. ఊరి బావివి, చెరువు కింది ఊటవి. వాన కురిసినప్పుడు ఇంకి, కొన్నాళ్లకు పైకి తోడుకున్న నీళ్లవి. ఇప్పుడు మీరు తోడుతున్నవి నల్లరాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచినవి. మన జిల్లా గ్రానైట్, దానిలాంటి నైసు అనే గట్టి రాళ్లలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు రాతితో ఎంత ఎక్కువ కాలం కలిసి ఉంటే అంత దిగుతుంది. ఏటా బోరు ఇంకో వంద అడుగులు దించుకుంటూ పోయాం కదా, దాని ఫలితమే ఇది. అలాగని పాత బావులు గొప్పవి అనుకోవడానికీ లేదు. దిగుడుబావుల్లో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకున్న కాలంలో, నీళ్లతో ఒంట్లో చేరి చర్మం చీల్చుకొచ్చే నారి పురుగు ఉండేది. అది దేశం నుంచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2000లో. ఆ రోజుల్లో బోర్లు, చేతిపంపులు వేయడం సరైన పనే. క్రిముల బెడద తగ్గింది. ఫ్లోరైడ్ మాత్రం కొత్తగా నెత్తికెక్కింది. మన రాష్ట్రానికి ఈ సమస్య తెలిసి చాలా కాలమైంది. దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు చెడే జబ్బు గురించి మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసి.

ఇంకో మాట కూడా మీ ఇంట్లో వినే ఉంటారు: మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి, పప్పు బాగా ఉడుకుతుంది, కాబట్టి మంచివి అని. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఫ్లోరైడ్‌కు రుచి, వాసన, రంగు లేవు. పైగా కాల్షియం తక్కువగా ఉండే మెత్తటి నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరుగుతుంది. కాల్షియం ఉంటే దాన్ని పట్టి కిందికి దించేస్తుంది. అంటే పప్పు బాగా ఉడికే బోరునే ముందుగా అనుమానించాలి. టెస్టు తప్ప వేరే దారి లేదు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. రాగి చెంబు, తులసాకు, క్యాండిల్ ఫిల్టరు, యూవీ మిషన్, ఇవేవీ దాన్ని తాకను కూడా తాకవు.

మీరు చేస్తున్న పనిలో అసలు లోపం వంట నీళ్ల దగ్గరుంది. తాగడానికి క్యాన్, వంటకు బోరు అన్నారు. అన్నం, రాగి సంగటి పోసిన నీళ్లన్నీ పీల్చుకుంటాయి. పప్పు, చారు సంగతి చెప్పక్కర్లేదు. క్యాన్‌తో తప్పించుకున్న ఫ్లోరైడ్‌లో మంచి వాటా కంచంలోకి వస్తోందన్నమాట. పాపకు రెండేళ్లు. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల వరకు. పళ్ల మీద గోధుమరంగు చారలు పడేది ఆ వయసులోపు తాగిన ఫ్లోరైడ్ వల్లే, తర్వాత పడవు, పడినవి పోవు. ఇంట్లో అందరికంటే ముందు పాపకు, కడుపుతో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు, తాగే నీళ్లూ వంట నీళ్లూ రెండూ మార్చండి. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు బాగా పెట్టండి. ఒంట్లో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ దెబ్బ తగ్గుతుంది.

ఆర్వో అమ్మడానికి వచ్చినతను మీ ఇంట్లో కరెంటు ప్రయోగం చేసి చూపించే ఉంటాడు. రెండు గ్లాసులు, అందులో రెండేసి కడ్డీలు, ప్లగ్గు పెట్టగానే బోరు నీళ్లు బురదలా ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. ఆర్వో గ్లాసు తేటగానే ఉంటుంది. చూసినవాళ్లకు కడుపులో తిప్పుతుంది. ఆ బురద మీ నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుము. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పవుతుంది. ఈసారి వస్తే అతని ఆర్వో గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి మళ్లీ ప్లగ్గు పెట్టమనండి. అదే బురద వస్తుంది. చేతిలోని టీడీఎస్ మీటరూ అంతే. అది మొత్తం లవణాలను చూపిస్తుంది గానీ ఫ్లోరైడ్ ఎంతో, క్రిములున్నాయో లేవో దానికి తెలియదు.

నిజం చెప్పాలంటే ఆర్వో ఫ్లోరైడ్‌ను బాగానే తీసేస్తుంది. అందులో అనుమానం లేదు. నా అభ్యంతరం వేరే. నీళ్లకు కటకటలాడే ఊళ్లో ఒక బిందె మంచినీళ్లకు ఒకటి నుంచి మూడు బిందెల దాకా కాలువలో పోస్తుంది. ఫిల్టర్లు, లవణాలను వడకట్టే పొర (మెంబ్రేన్) వేళకు మార్చకపోతే పేరుకే ఆర్వో, మార్చే మనిషి పల్లెకు రావడమే గగనం. ఒకవేళ కొన్నా, లోపల టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న స్క్రూ ఉంటుంది. నీళ్లు చప్పగా ఉన్నాయని దాన్ని తిప్పి కొంత ముడి నీటిని మళ్లీ కలుపుతారు. మీ 2.8కి అది కొంచెం తిప్పినా 1 లోపే ఉంటుంది, కానీ ఫ్లోరైడ్ 5 ఉండే ఊళ్లలో అదే స్క్రూ హద్దు దాటిస్తుంది. కాబట్టి బిగించాక బయటికి వచ్చే నీళ్లను ల్యాబులో ఫ్లోరైడ్‌కు టెస్టు చేయించండి.

కానీ కొనే ముందు మీ కొళాయి నీళ్ల సంగతి చూడండి. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం మన ఉమ్మడి జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లు తెచ్చినప్పుడు, ఆ తర్వాత వచ్చిన పథకాలు పెన్నహోబిలం లాంటి జలాశయాల మీద ఆధారపడినప్పుడు, ఉద్దేశం ఇదే: బోరును వదిలి నది నీళ్లు తాగించడం. జలాశయం నీళ్లలో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువ. మీ ఇంటి గుమ్మం దగ్గరికి నాలుగు రోజులకోసారైనా అవి వస్తున్నాయంటే మీకు కావలసిన మంచినీళ్లు వచ్చినట్టే. మనిషికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు 5 లీటర్లు చాలు. నలుగురికి 20, నాలుగు రోజులకు 80. ఇంట్లో నాలుగైదు స్టీలు బిందెలు, ఒక మూత డ్రమ్ము ఉంటే సరి. మిగతా అన్నిటికీ బోరు ఉండనే ఉంది.

ఇందులో ఒక మెలిక ఉంది. పథకం నీళ్లు చాలనప్పుడు పంచాయతీ బోరు నీళ్లను కూడా అదే ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కిస్తుంటారు. కొళాయిలో వచ్చేది ఒకరోజు నది నీళ్లు, ఒకరోజు కలగలుపు. వాటర్‌మ్యాన్‌ను మంచిగా అడిగితే దాచకుండా చెప్తాడు. ఇంటింటికీ కొళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీళ్ల టెస్టు నేర్పించి కిట్ ఇవ్వాలి. మీ ఊళ్లో ఆ కిట్ ఎవరి దగ్గరుందో గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను అడగండి, చాలాచోట్ల సీలు కూడా విప్పకుండా బీరువాలో ఉంటుంది. మామూలుగా ఆ కిట్‌లో ఫ్లోరైడ్ మందు వేస్తే నీళ్లు ఎర్ర గులాబీ రంగులో ఉండిపోతే తక్కువ, పసుపుకు తిరిగేకొద్దీ ఎక్కువ. రంగు అట్టతో పోల్చి చూడటం పదో తరగతి పిల్లకు కూడా వస్తుంది. కొళాయి నీళ్లు వచ్చిన రోజల్లా ఒక నెలపాటు చూస్తే మీకే తెలిసిపోతుంది. ఎక్కువ తేడాగా కనబడితే లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపి ల్యాబుకు పంపండి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు.

ఇక విరేచనాలు. క్యాన్ నీళ్లు కదా, శుభ్రమే కదా అనుకుంటారు. ఆర్వో నుంచి బయటికి వచ్చేసరికి నీళ్లలో క్లోరిన్ బొట్టు కూడా మిగలదు. ఆ తర్వాత క్రిమి చేరితే అడ్డుకునేది ఏదీ లేదు. మీ క్యాన్‌ను వెలుతురుకు ఎత్తి లోపల భుజం దగ్గర చూడండి, పచ్చటి పాచి ఉందా? వేలితో రాస్తే జారుతోందా? మూతి సన్నగా ఉండటం వల్ల చేయి పోదు, ఎవరూ తోమరు. వారానికోసారి గుప్పెడు గళ్ల ఉప్పు, కాస్త నీళ్లు పోసి గట్టిగా కుదిపి పారబోసి, తర్వాత బ్లీచింగ్ కలిపిన నీళ్లు అరగంట ఉంచి కడగండి. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో నీళ్లు ముంచే పద్ధతి మార్చండి. బిందెలో చెంబు, చెంబుతో పాటు వేళ్లు, ఆ వేళ్లు అంతకుముందు పాపకు కడిగినవి. కొళాయి ఉన్న డ్రమ్ము గానీ, పొడుగు కాడ గరిటె గానీ పెట్టుకుంటే సగం గొడవ వదులుతుంది. పాపకు కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఆ మలం పెరట్లో పారేయకుండా మరుగుదొడ్డిలో పోయడం, ఈ రెండూ ఏ మిషనూ మీ తరఫున చేయదు.

కొళాయి గుంత గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా అనుభవంలో పల్లెల్లో నీళ్లు చెడేది ట్యాంకులో కంటే అక్కడే ఎక్కువ. నీళ్లు సన్నగా వస్తున్నాయని కొళాయి స్టాండు కోసేసి, నేలలో అడుగున్నర లోతు గుంత తవ్వి, పైపుకు రబ్బరు గొట్టం తొడిగి, బిందెను గుంతలోకి దించి పట్టుకుంటారు. నీళ్లు రాని మూడు రోజులూ ఆ గుంతలో అంట్ల నీళ్లు, వాన నీళ్లు నిలుస్తాయి. కుక్క వచ్చి తాగిపోతుంది. వాల్వు కట్టేయగానే లైనులోని నీళ్లు పల్లానికి జారుతూ వెనక్కి గుంజుతాయి. గొట్టం మూతి గుంత నీళ్లలో మునిగి ఉంటే ఆ మురికి లైనులోకి పోతుంది. ఎవరైనా నేరుగా లైనుకే మోటారు తగిలిస్తే ఆ గుంజుడు ఇంకా ఎక్కువ, మురుగు కాలువలో పైపు ఎక్కడ చిల్లిపడి ఉంటే అక్కడి నుంచి పీలుస్తుంది. నాలుగో రోజు మొదటి బిందెలో మీకు వచ్చేది ఇదంతా. కాబట్టి మొదటి రెండు మూడు బిందెలు మరుగుదొడ్డికో, చెట్లకో వాడండి. మీ కొళాయిని నేల మీదికి ఎత్తించి తిరుగుడు మూత పెట్టించండి. ఎత్తితే మీకు నీళ్లు తగ్గుతాయి, పక్కింటి గుంతలోకి ఎక్కువ పోతాయి. అందుకే వీధి వీధంతా ఒకేసారి చేయించాలి.

పట్టుకున్న కొళాయి నీళ్లను పాపకు మాత్రం కాచి చల్లార్చి ఇవ్వండి, గలగలా ఒక నిమిషం మరిగితే చాలు. మిగతావాళ్లకు క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి తాగితే సరిపోతుంది, ఒక మాత్ర ఎన్ని లీటర్లకో అట్ట మీద ఉంటుంది. ట్యాంకులో వేసే బ్లీచింగ్ లెక్క కూడా తెలుసుకోండి: మంచి పొడి అయితే వెయ్యి లీటర్లకు దాదాపు 4 గ్రాములు. 40 వేల లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. మూతి విప్పి ఎండలో పడేసిన బస్తా అయితే సత్తువ పోయి ఉంటుంది, ఎంత వేసినా దండగ. వీధి చివరి కొళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. కిట్‌లో దానికీ పరీక్ష ఉంటుంది. బ్లీచింగ్ వాసన వస్తోందని వాటర్‌మ్యాన్‌ను తిట్టేది మనమే. కాస్త వాసన వస్తే సంతోషించాలి.

మరుగుదొడ్డి గుంత బోరుకు పది అడుగులంటే బాగా దగ్గర. పగుళ్ల రాయి ఉన్న నేలలో 30 మీటర్లు ఉంటే నిశ్చింత. ఇళ్ల మధ్య అంత చోటు ఎక్కడిది అంటారు, నిజమే. బోరు వేసేటప్పుడు పైసలు మిగులుతాయని బోరు పై భాగంలో మట్టి కూలకుండా దించే కేసింగ్ పైపు గట్టి రాయి దాకా దించకపోతే, గుంతలోని నీళ్లు మెత్తటి పొర గుండా నేరుగా బోరులోకి దిగుతాయి. మీ బోరు నీళ్లను నైట్రేట్‌కు టెస్టు చేయించండి. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఎరువులో, మరుగుదొడ్డో, పశువుల కొట్టమో బోరుకు చేరుతున్నట్టు అనుకోవాలి. నైట్రేట్ కాచినా పోదు. ఆరు నెలల లోపు పసిపిల్లకు డబ్బా పాలు అలాంటి నీళ్లతో కలిపితే ప్రాణానికే ముప్పు. గుంత ఎంత లోతు అని కూడా రాయలేదు మీరు. పదిహేను అడుగులు తవ్వి సిమెంటు రింగులు దించితే ఎన్నేళ్లయినా నిండదు అని మేస్త్రీలు గొప్పగా చెబుతారు. నిండకపోవడానికి కారణం అది భూగర్భంలోకి పోతుండటమే. గుంత మీటరు, మీటరుంపావు లోతు చాలు. అలాంటివి రెండు, మధ్యలో దారి మార్చే చిన్న చాంబరు. ఒకటి నిండితే రెండోదానికి తిప్పి, మొదటిదాన్ని రెండేళ్లు అలా వదిలేస్తే ఎండి వాసన లేని ఎరువవుతుంది, చేనికి వేసుకోవచ్చు. ప్రభుత్వం 12 వేలు ఇచ్చి కట్టించమన్న నమూనా అదే.

మరుగుదొడ్డి మళ్లీ కట్టిస్తే బేసిన్ జాగ్రత్తగా ఎంచుకోండి. పల్లెల కోసం బాగా వాలుగా ఉండే బేసిన్, దాని కింద 20 మిల్లీమీటర్ల నీళ్లు మాత్రమే నిలిచే వంపు గొట్టం (ట్రాప్) దొరుకుతాయి. చెంబున్నర, రెండు లీటర్లతో శుభ్రమవుతుంది. షాపులో మెరిసేది తెచ్చి పెడితే బకెట్ పోయాలి. నీళ్లు మోసుకొచ్చే ఆడవాళ్లే ఆ బకెట్ కూడా మోయాలి. ఎండాకాలం వచ్చేసరికి ఇంటి మగవాళ్లు మళ్లీ చేను దారి పడతారు, ఆ గది చెనిక్కాయ మూటలకు గోడౌను అవుతుంది. కట్టి వదిలేసిన మరుగుదొడ్లు ఎన్ని చూశానో, చాలావాటి వెనక అసలు కథ ఇదే.

18 వేలు పెట్టగలిగితే నేనైతే వాన నీళ్ల మీద పెడతాను. నవ్వకండి. మన జిల్లాలో ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల దగ్గరగా, నిజమే. కానీ 300 చదరపు అడుగుల స్లాబు మీద అంత వాన పడితే, వృథా పోగా దాదాపు 12 వేల లీటర్లు. నలుగురికి తాగడానికి, వంటకు ఏడాదికి కావలసింది 7,300 లీటర్లు. వాన సగమే పడిన ఏడాది కూడా పది నెలలు గడుస్తాయి. అక్టోబరు చివరికి నింపుకుంటే జూన్ దాకా 5 వేల లీటర్ల ట్యాంకు సరిపోతుంది. వాన నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు లేనట్టే. మొదటి వాన వదిలేయాలి, స్లాబు ఊడ్చి ఉంచాలి, పైపు మూతికి జల్లెడ, ట్యాంకు లోపల చీకటి, క్లోరిన్ తప్పనిసరి. మీది చౌడు మట్టి పరిచిన పాత మిద్దె అయితే మాత్రం ఇది కుదరదు.

ఊరి సంగతి ఒక్క మాట. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. పైపు లీకులు, కొళాయి స్టాండ్లు, వాల్వులు ఆ లెక్కలోకే వచ్చేవి. గ్రామసభలో ఊరికే నీళ్లు బాగాలేవు అంటే ఎవరూ రాసుకోరు. ఫలానా వీధిలో కొళాయి నీళ్లు ఫలానా తేదీన పసుపుకు తిరిగాయి, క్లోరిన్ సున్నా వచ్చింది అని కాగితం మీద పెట్టి, సర్పంచ్ చేత, ఇంజినీరింగ్ అసిస్టెంట్ చేత సంతకం చేయించుకోండి. మీతో పాటు ఇంకో పదిమంది ఆడవాళ్లు ఉంటే ఆ కాగితం కదులుతుంది.

నైట్రేట్ రిపోర్టు, కొళాయి నీళ్ల ఫ్లోరైడ్, మరుగుదొడ్డి గుంత లోతు, బోరుకు కేసింగ్ ఎన్ని అడుగులు దించారో, ఈ నాలుగూ రాయండి. చూసి గుంత మార్చాలో, బోరును వాడకానికి ఉంచితే చాలో చెబుతాను. అందాకా ఆర్వోకు అడ్వాన్సు ఇవ్వకండి.